కాలేయంలో నిప్పు – నివేదికలో పొగ

ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్‌లో నివసించే మనకు నిప్పు స్వభావాన్ని వేరుగా వివరించనక్కరలేదు. 1912లో ఇక్కడ తొలి ఉక్కు తయారైన నాటి నుంచి ఈ ఊరి జీవనం కొలిమి చుట్టూనే అల్లుకొని ఉన్నది. అదుపులో ఉన్న అగ్ని లోహాన్ని కరిగిస్తుంది. అదుపు తప్పితే కొలిమి గోడనే తినివేస్తుంది. మన కాలేయంలోనూ ఇటువంటి అగ్ని ఒకటి ఉన్నది. గాయమైనప్పుడు, క్రిములు ప్రవేశించినప్పుడు శరీరం ఆత్మరక్షణకై రగిలించే ఆ అగ్నినే వైద్యులు ‘శోథ’ అంటారు. దానిని ఎగదోయడంలోను, అది మిగిల్చిన మచ్చలను కరిగించడంలోను ఎంజైములదే ముఖ్యపాత్ర.

నివేదికలోని అంకెలు

ఏటేటా జరిగే వైద్య పరీక్షల నివేదికలో ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అనే రెండు అంకెలను మనమందరం చూస్తూనే ఉంటాము. మానవ రక్తంలో ఈ తరగతి ఎంజైముల గురించి 1955లో కార్మెన్, రోబ్లెవ్‌స్కీ, లడ్యూ అనే శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇవి శోథను కలిగించవు. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు వాటి నుంచి రక్తంలోకి చేరుతాయి. అనగా ఇవి నిప్పు కాదు, పొగ. పైగా ఎస్.జి.ఓ.టి. కండరాలలోనూ ఉంటుంది కనుక కఠినమైన శారీరక శ్రమ తరువాత పెరిగి కనబడవచ్చు. ఇందుకు విరుద్ధంగా, ఏళ్ల తరబడి శోథకు గురై గట్టిపడిన కాలేయంలో ఈ అంకెలు మామూలుగానే ఉండవచ్చు. ఈ రెండవ సంగతే ఎక్కువ ప్రమాదకరమైనది.

నిప్పును ఎగదోసేవి

మద్యం, హెపటైటిస్ బి, సి వైరసులు, మధుమేహ స్థూలకాయాలతో పేరుకొనే కొవ్వు – వీటిలో ఏది కాలేయాన్ని గాయపరచినా అక్కడ కాపలా కాసే కుప్ఫర్ కణాలు మేల్కొంటాయి. కాస్పేస్-1 అనే ఎంజైము, నిద్రాణంగా ఉన్న ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను ఖండించి చైతన్యవంతం చేస్తుంది. సైక్లో ఆక్సిజనేజ్-2, 5-లైపాక్సిజనేజ్ అనే మరి రెండు ఎంజైములు శోథను పెంచే రసాయనాల తయారీకి తోడ్పడతాయి.

హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య పి. రెడ్డన్న బృందం ఈ ఎంజైములపై దీర్ఘకాలం పరిశోధించింది. మనకు చిరపరిచితమైన కరక్కాయ నుంచి వేరుచేసిన చెబులాజిక్ ఆమ్లం ఈ రెండు మార్గాలనూ నిరోధిస్తుందని 2009లో వెల్లడించింది. అయితే ప్రయోగశాలలోని ఫలితం రోగికి ఔషధమని భావించరాదు.

మరి ఈ ఎంజైములను అణచివేస్తే చాలదా? నడుము నొప్పికి మనం వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు వీటిలో సైక్లో ఆక్సిజనేజ్‌ను అణచివేస్తాయి. కాని గట్టిపడిన కాలేయం గలవారిలో మూత్రపిండాలకు రక్తం సక్రమంగా అందడం ఇదే ఎంజైము ఉత్పత్తులపై ఆధారపడి ఉంటుంది. వైద్యుని అడుగకుండా మింగిన మాత్ర వారి మూత్రపిండాలను దెబ్బతీయగలదు.

మచ్చను కరిగించేవి

శోథ కొనసాగితే కాలేయంలో పీచు పేరుకొంటుంది. దానిని కరిగించే మెటలోప్రోటీనేజులనే ఎంజైములు కూడా కాలేయంలోనే ఉన్నాయి. మద్యం మానినప్పుడు, వైరసును అదుపుచేసినప్పుడు, బరువు తగ్గినప్పుడు ఇవి పైచేయి సాధించి, తొలిదశలోని మచ్చను చాలవరకు తగ్గించగలవు. ఆలస్యమైతే ఆ అవకాశం సన్నగిల్లుతుంది.

మన కర్తవ్యం

మేము చెప్పదలచినది ఒక్కటే. నివేదికలో అంకె మామూలుగా ఉన్నదని మద్యపానాన్ని, మధుమేహాన్ని, స్థూలకాయాన్ని ఉపేక్షించరాదు. వయస్సు, ఆ రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య – ఈ నాలుగింటితో గణించే ‘ఫిబ్-4’ సూచిక మచ్చ ఏర్పడిందేమోనన్న అంచనాకు ఉపకరిస్తుంది. దాని గురించి వైద్యుని అడగండి. హెపటైటిస్ బి నివారణకు టీకా ఉన్నది. హెపటైటిస్ సి నేడు మాత్రలతోనే చాలామందిలో నయమవుతున్నది. కొలిమిని కనిపెట్టి ఉండడం మనకు వృత్తిధర్మం. కాలేయం విషయంలోనూ అంతటి జాగరూకత వహిద్దాము.