కట్టకు మత్తడే ప్రాణం

శేరిగూడ పక్కనే ఇబ్రహీంపట్నం పెద్దచెరువు. కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం (1550-1580) కాలం నాటిదని చెబుతారు. ఏళ్ల తరబడి వెలవెలబోయిన చెరువు 2022లో నిండింది. అలుగు పారుతుంటే అందరూ నీళ్లనే చూస్తారు. చూడాల్సింది ఆ నీళ్లకు దారిచ్చిన మత్తడిని.

మట్టికట్ట తనను ఆనుకున్న నీటికి జంకదు. నెత్తి మీదుగా పొర్లే నీరే దానికి గండం. అలా పొర్లిన నీరు అవతలి వాలు మీద పరుగందుకుని గడ్డిని పెకలిస్తుంది, కట్ట పాదం దగ్గర గుంత పెడుతుంది. ఆ గుంత మెట్లుమెట్లుగా పైకి పాకి కట్ట తలను తెంపుతుంది. ఇంకో శత్రువు బుంగ. ఊటనీరు తేటగా వస్తే ఫర్వాలేదు. ఎర్రగా వచ్చిందంటే లోపలి మట్టి కదిలిపోతున్నట్టే. చెరువు నీళ్లను చూసుకునే పాతకాలపు నీరటికి ఆ తేడా తెలుసు. నేటి ఇంజినీరు కట్ట దిగువన ఇసుక, కంకర పొరలు వేసేదీ అందుకే: నీరు పోవాలి, మట్టి ఆగాలి.

కడెం ప్రాజెక్టు కథ ఇంకా గట్టి పాఠం. కట్టే దశలోనే 1958 వరదకు తెగింది. తర్వాత గేట్లు పెంచి మొత్తం 18 చేశారు; 3.82 లక్షల క్యూసెక్కులు వదలగలవు. 2022 జూలైలో వచ్చింది దాదాపు 5 లక్షలు! 2023లోనూ కొన్ని గేట్లు మొరాయించాయి, వాటి మీదుగానే నీళ్లు దూకాయి. మత్తడికి మోటారు లేదు, కరెంటు అక్కర్లేదు. ఈ విషయంలో పాతవాళ్లే నయమనిపిస్తుంది. కడెం ఎలాగో నిలిచింది; 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట మాత్రం నిలవలేదు. దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి.

మన దేశ ప్రమాణం ప్రకారం 6 కోట్ల ఘనపు మీటర్లకు మించి నిల్వచేసే డ్యాం, ఆ పరీవాహకంలో రాగల గరిష్ఠ వరదను తట్టుకోవాలి. పాత కట్టల లెక్కలు అంత దూరం పోలేదు. కొలిచిన వానలే తక్కువ. ఇప్పుడు చేయగలిగినవి: కట్టను ఎత్తుచేయడం, అదనపు అలుగు తవ్వడం.

నాకు నచ్చింది మాత్రం మూడోది. 2022లో కడెం ఎడమ కాలువ దగ్గర గండి పడి, ఒత్తిడి కొంత తగ్గింది. అది యాదృచ్ఛికం. ఇంజినీర్లు దాన్నే కావాలని చేస్తారు: అసలు కట్టకు దూరంగా, కొంచెం తక్కువ ఎత్తులో, తేలిగ్గా కోసుకుపోయే మట్టితో ఒక చిన్న కట్ట. పెనువరదొస్తే ముందు అదే తెగుతుంది. వరద తీశాక మళ్లీ మట్టి పోసుకుంటే సరి.