చక్రాల మీద ఇల్లు: చలికాలంలో ఫ్రాన్సు ప్రయాణం

వేసవికాలం వచ్చిందంటే ఫ్రాన్సు దేశంలో రోడ్ల నిండా ఇంటిబండ్లు కనిపిస్తాయి. ఇంటిబండి అంటే లోపల మంచాలు, పొయ్యి, నీళ్ళతొట్టి, చిన్న మరుగుదొడ్డి అమర్చిన మోటారు వాను. ఇంగ్లీషువాళ్ళు దానిని కాంపర్‌వాన్ అంటారు. ఫ్రెంచివాళ్ళు కాంపింగ్ కార్ అంటారు. 1951లో జర్మనీలోని వెస్ట్‌ఫాలియా కంపెనీ, వోక్స్‌వాగన్ వాను లోపల పడక, బల్ల, బీరువా పట్టేటట్టు సామాను తయారుచేసి అమ్మింది. ఆ తరవాత ఇలాంటి బండ్లు యూరపు అంతటా వ్యాపించాయి.

వేసవిలో ఈ ప్రయాణం ఏమంత కష్టం కాదు. తలుపులు బార్లా తెరుచుకుని చెట్టునీడన భోజనం చేయవచ్చు. అయితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు కురిసే రోజుల్లో కూడా ఇంటిబండిలో దేశం తిరిగేవాళ్ళున్నారు. పలచని రేకుగోడల మధ్య వాళ్ళు రాత్రిళ్ళు ఎలా నిద్రపోతారు? అసలు ఆ చలిలో ఎందుకు వెళతారు? మనం కూడా ఊహలో ఒక ఇంటిబండి ఎక్కి, ఫ్రాన్సుకు ఈశాన్యాన ఉన్న స్ట్రాస్‌బూర్ నగరం నుంచి ఆగ్నేయపు మూలన సముద్రతీరాన ఉన్న మాంతోన్ దాకా, సుమారు వెయ్యి కిలోమీటర్లు వెళ్ళి చూద్దాం.

నాలుగున్నరకే చీకటి

డిసెంబరులో స్ట్రాస్‌బూర్ దీపాలతో వెలిగిపోతూ ఉంటుంది. అక్కడి క్రిస్మస్ సంత 1570 నుంచి జరుగుతున్నది. సంత చూసి బయలుదేరబోతే మనకు మొదటి చిక్కు ఎదురవుతుంది. పొద్దు చాలదు! డిసెంబరు ఆఖరున హైదరాబాదులో పగలు సుమారు 11 గంటలుంటే, అక్కడ 8 గంటల పైచిలుకు మాత్రమే. సాయంత్రం నాలుగున్నర దాటిందో లేదో సూర్యుడు అస్తమిస్తాడు. హైదరాబాదు భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఎడంలో ఉంటే, స్ట్రాస్‌బూర్ 48 డిగ్రీలు దాటి ఉండటమే దీనికి కారణం.

అందుచేత తెలిసినవాళ్ళు చలికాలంలో రోజుకు రెండు మూడు గంటలకు మించి బండి నడపరు. చీకటి పడేలోగా మకాం చేరతారు. బండి కప్పు మీది సౌరపలకలకు కూడా ఈ రోజుల్లో బలం తక్కువే. సూర్యుడు ఆకాశంలో పైకి రాకుండా, ఒక వారగా వెళ్ళిపోతాడు. కనక దీపాలకూ, నీటి మోటారుకూ వాడే విద్యుత్తును పొదుపు చేయాలి.

మకాం ఎక్కడ? ఇంటిబండ్లు దిగే తోటలు చాలావరకు చలికాలంలో మూసేస్తారు. అయితే ఫ్రాన్సులో అనేక ఊళ్ళలో ఇంటిబండ్ల కోసమే ఏర్పాటుచేసిన స్థలాలున్నాయి. వాటిని ‘ఎర్’ అంటారు. అక్కడ రాత్రి ఆగవచ్చు, వాడిన నీరు పారబోయవచ్చు, మంచినీరు నింపుకోవచ్చు. కాని గొట్టాలు పగిలిపోకుండా చలికాలంలో చాలాచోట్ల కుళాయిలు కట్టేస్తారు. కనక పనిచేసే కుళాయి కనిపించినప్పుడే నీళ్ళు నింపుకోవటం మంచిది.

ఫ్రాన్సులో అతి చల్లని ఊరు

దక్షిణంగా వెళితే జూరా కొండలు వస్తాయి. అక్కడ రోడ్డు పక్కన ఒక గుర్తు ఉంటుంది. 2021 నవంబరు 1 నుంచి ఫ్రాన్సులో ఒక నిబంధన అమలులో ఉన్నది. ఏటా నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా, నిర్ణయించిన కొండప్రాంతాలలో తిరిగే బండ్లకు చలికాలపు టైర్లు ఉండాలి, లేదా టైర్లకు తొడిగే గొలుసులైనా దగ్గర ఉండాలి. మామూలు టైరు రబ్బరు చలికి బిర్రబిగిసి, మంచు మీద జారుతుంది. చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉండి రోడ్డును పట్టుకుంటుంది.

ఈ కొండల్లో మూత్ అనే ఊరున్నది. ఫ్రెంచివాళ్ళు ఈ ప్రాంతాన్ని ‘చిన్న సైబీరియా’ అంటారు. 1968 జనవరి 13న అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 36.7 డిగ్రీలకు పడిపోయింది! మన ఆదిలాబాదులో 5 డిగ్రీలయితేనే మనం గజగజ వణికిపోతాం. మూత్ లోయలో ఉన్నది. చల్లని గాలి బరువు కనక, గాలి కదలని రాత్రుల్లో అది నీళ్ళలాగా కొండవాలున జారి వచ్చి లోయలో నిలుస్తుంది. ఇది తెలిసినవాళ్ళు ఇంటిబండిని లోయ అడుగున ఆపకుండా, కాస్త ఎగువన ఆపుతారు.

ఇక గ్యాసు సంగతి. మన వంటింటి బండలో బ్యూటేను, ప్రొపేను అనే రెండు వాయువులు కలిసి ద్రవరూపంలో ఉంటాయి. ద్రవం ఆవిరి అయితేనే పొయ్యి వెలుగుతుంది. బ్యూటేను సుమారు సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావటం మానేస్తుంది. ప్రొపేను మాత్రం సున్నాకు దిగువన 42 డిగ్రీల దాకా ఆవిరి అవుతూనే ఉంటుంది. బ్యూటేను బండతో కొండ ఎక్కినవాడికి, బండ నిండుగా ఉన్నా అర్ధరాత్రి పొయ్యి ఆరిపోతుంది! అందుకే చలికాలంలో ప్రొపేను బండలే తీసుకువెళతారు.

నీళ్ళతో ఇంకొక పేచీ. నీరు గడ్డకట్టేటప్పుడు నూటికి 9 వంతులు ఉబ్బుతుంది. అది చాలు, గొట్టం చీలిపోవటానికి. అందుకని మంచినీళ్ళ తొట్టిని బండి లోపల, వెచ్చగా ఉండేచోట అమరుస్తారు. నీళ్ళు కాచే పాత్రకు ఒక కవాటం ఉంటుంది. అక్కడి వేడి 3 డిగ్రీల దాపుకు దిగిందంటే అది దానంతట అదే తెరుచుకుని నీటినంతా బయటికి వదిలేస్తుంది. నీళ్ళు పోతే పోయాయి, పాత్ర దక్కుతుంది.

చేతిబ్రేకు సైతం గడ్డకట్టి వదలకుండా పోవచ్చు. కనక బండిని గేరులో ఉంచి, చక్రాల కింద చెక్కదిమ్మలు పెడతారు. డీజిలులో సన్నని మైనంవంటి పదార్థం ఉంటుంది. గట్టి చలికి అది పేరుకుని ఇంజనుకు నూనె అందనివ్వదు. అందుచేత చలిప్రాంతానికి తగినట్టు తయారైన డీజిలును అక్కడే పోయించుకోవటం మంచిది.

ప్రాణం మీదికి వచ్చే పొరపాటు

అన్నిటికంటే ముఖ్యమైనది గాలి. రాత్రి నిద్రలో ఒక్కొక్కరి ఊపిరితోనూ, చెమటతోనూ దాదాపు ఒక గ్లాసెడు నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. నలుగురు పడుకుంటే నాలుగు గ్లాసులు. ఆ ఆవిరి చల్లని రేకులకూ, అద్దాలకూ తగిలి తిరిగి నీరవుతుంది. తెల్లవారేసరికి గోడలు కారుతూ ఉంటాయి, పరుపు అడుగు తడిసి ఉంటుంది. వంట చేస్తే తడి ఇంకా పెరుగుతుంది. ఒక కిలో గ్యాసు మండితే కిలోన్నరకు పైగా నీటిఆవిరి పుడుతుంది మరి! గ్యాసులోని ఉదజని, గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది.

ఈ తడి పోవాలంటే చలిలో కూడా కప్పు మీది కిటికీ వేలెడంత తెరిచి ఉంచాలి. కొత్తవాళ్ళకు ఇది పిచ్చిపనిగా కనిపిస్తుంది. చలిగాలి వస్తున్నదని వాళ్ళు కంతలన్నీ గుడ్డలతో కుక్కి, వంటపొయ్యి వెలిగించి వెచ్చగా పడుకుంటారు. అపాయం అక్కడే ఉన్నది.

గాలి చాలక గ్యాసుగాని, బొగ్గుగాని సరిగా మండనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే సుమారు 200 రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, మత్తు కలుగుతాయి. నిద్రపోతున్నవాడికి ఆ సంగతి తెలియనే తెలియదు. అలాగే ప్రాణం పోతుంది.

ఇంటిబండిలో వెచ్చదనానికి వేరే యంత్రం ఉంటుంది. అది మంటకు కావలసిన గాలిని బయటినుంచే పీల్చి, పొగను బయటికే వదులుతుంది. లోపలికి వేడి మాత్రమే వస్తుంది. రాత్రి మంచు కురిస్తే ఆ పొగగొట్టం మూసుకుపోకుండా చూడాలి. విషవాయువు చేరగానే గట్టిగా మోగే చిన్న పరికరం కూడా బండిలో పెట్టుకుంటారు. ఇది ఫ్రాన్సుకు మాత్రమే చెందిన సంగతి కాదు. మన దేశంలోనూ చలికాలంలో బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకుని, తలుపులు మూసి పడుకుని మరణించినవాళ్ళున్నారు. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాసుతో నీళ్ళు కాచటం కూడా ఇంతే ప్రమాదం. ఈ మాట మీ ఇంట్లో పెద్దలకు కూడా చెప్పండి.

బల్ల కింద పిల్లవాడు

ఇంత కష్టమెందుకు అంటారా? చలికాలంలో మాత్రమే చూడగల వేడుకలున్నాయి. జనవరి 6 పండుగకు ఫ్రాన్సులో ‘రాజుల రొట్టె’ చేస్తారు. పొరలు పొరలుగా ఉండే ఆ రొట్టెలో బాదంపప్పు ముద్ద కూరుతారు. లోపల ఎక్కడో ఒక చిన్న పింగాణీ బొమ్మ దాస్తారు. పూర్వం చిక్కుడుగింజ దాచేవారట. రొట్టెను ముక్కలు కోయగానే అందరికంటే చిన్నవాడు బల్ల కింద దూరతాడు. “ఇది ఎవరికి?” అని పెద్దవాళ్ళు అడిగితే, చూడకుండానే ఒక్కొక్కరి పేరూ చెపుతాడు. బొమ్మ ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఆ రోజుకు రాజు. కాగితపు కిరీటం పెట్టుకుంటారు. ఇంటిబండిలోని బుల్లి బల్ల కింద కూడా ఒక పిల్లవాడికి చోటుంటుంది!

జూరా కొండలు దిగి లియోన్ నగరం దాటితే రోన్ నది లోయ. ఇక్కడ ఉత్తరాన్నించి మిస్ట్రాల్ అనే చలిగాలి వీస్తుంది. తూర్పున ఆల్ప్స్, పడమట మాసిఫ్ సాంత్రాల్ కొండలు. మధ్య ఇరుకులో పడ్డ గాలి, వేలితో సగం మూసిన గొట్టంలో నీళ్ళలాగా వేగం పుంజుకుంటుంది. గంటకు 100 కిలోమీటర్లు దాటటం కూడా కద్దు. ఎత్తయిన ఇంటిబండిని అది పక్కకు తోసేస్తుంది. గట్టిగా వీచే రోజున బండి ఆపి ఊరుకోవటమే తెలివి. అక్కడి పాత పల్లెటూరి ఇళ్ళకు ఉత్తరపు గోడకు కిటికీలు పెట్టటం అరుదు. చర్చి గోపురాల మీద గంటను, గాలి అడ్డం లేకుండా పోయే ఇనపచట్రంలో వేలాడదీస్తారు.

ఆ లోయలోనే రిషరాంష్ అనే పల్లె ఉన్నది. నవంబరు నుంచి మార్చి దాకా శనివారాలు అక్కడ ట్రఫుల్ సంత జరుగుతుంది. ట్రఫుల్ పుట్టగొడుగుకు చుట్టం. ఓక్ చెట్ల వేళ్ళ దగ్గర నేలలో నల్లగా పెరుగుతుంది. కుక్కలు వాసన పట్టి చూపిస్తే తవ్వితీస్తారు. ఏటా జనవరి మూడవ ఆదివారం అక్కడి చర్చిలో కానుకల బుట్టలో డబ్బుకు బదులు ట్రఫుళ్ళు వేస్తారు!

రోన్ నది సముద్రంలో కలిసే చోట కామార్గ్ అనే బురదనేలలున్నాయి. అక్కడి కొలనుల్లో గులాబిరంగు ఫ్లెమింగోలు కనిపిస్తాయి. మన పులికాట్ సరస్సుకు చలికాలంలో వచ్చే పెద్ద ఫ్లెమింగోలదీ అదే జాతి. 1985 జనవరిలో కామార్గ్ కొలనులు రోజుల తరబడి గడ్డకట్టి, మేత దొరకక అవి వేలకొద్దీ చచ్చిపోయాయి. చలి అందరికీ పరీక్షే.

పసుపుపచ్చని ఫిబ్రవరి

తూర్పుగా తీరం వెంట వెళితే ఫిబ్రవరిలో కొండలన్నీ పసుపు పూసినట్టుంటాయి. అవి మిమోసా పూలు. ఈ చెట్టు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మన తుమ్మచెట్టుకు దగ్గర బంధువు. గుండ్రని చిన్న పూలు చూస్తే తెలుగు పిల్లలు చుట్టరికం ఇట్టే గుర్తుపడతారు. బోర్మ్ నుంచి గ్రాస్ దాకా 130 కిలోమీటర్ల బాటను ‘మిమోసా దారి’ అంటారు.

చివరికి మాంతోన్. ఊరి వెనక ఆల్ప్స్ కొండలు గోడలా నిలిచి ఉత్తరపు గాలిని ఆపుతాయి. అందుకే అక్కడ చలికాలంలో కూడా నిమ్మచెట్లు కాస్తాయి. 1934 నుంచి అక్కడ నిమ్మపండ్ల ఉత్సవం జరుగుతున్నది. ఫిబ్రవరిలో వేలకొద్దీ నిమ్మ, నారింజపండ్లతో పెద్దపెద్ద బొమ్మలు కడతారు. గొలుసులు వేసి మంచులో నడిచిన బండి, ఇక్కడ తలుపులు తెరుచుకుని ఎండలో నిలబడుతుంది. ఒకే దేశంలో, ఒకే ప్రయాణంలో, ఒకే కాలం ఇన్ని వేషాలు వేయటం చూడాలంటే చలికాలంలోనే వెళ్ళాలి!

మీరు చేసి చూడండి

పొడిగా తుడిచిన ఒక స్టీలు గ్లాసులో మంచుముక్కలు వేసి పది నిమిషాలు ఆగండి. గ్లాసు బయట నీటిబొట్లు కనిపిస్తాయి. ఆ నీరు గ్లాసులోంచి కారింది కాదు. గదిలోని గాలిలో ఉన్నదే. ఇంటిబండి గోడ మీద రాత్రంతా జరిగే పని ఇదే. ఆ గోడను పొడిగా ఉంచేది వేలెడంత తెరిచిన కిటికీ. లోపల పడుకున్నవాళ్ళ ప్రాణాలకు అండగా ఉండేదీ అదే.