అంటిపెట్టుకునే ఇంజిన్ ఆయిల్: ప్రకటన, పరీక్ష, నిజం

ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఇంజిన్‌లో కందెన పనిచేసే రెండు స్థితులను వివరించగలుగుతారు.
• ఆయిల్ అణువులు లోహానికి అంటుకోవడం అంటే ఏమిటో చెప్పగలుగుతారు.
• ఒక ఆయిల్ ప్రకటనలోని వాదనను విడదీసి, దానికి ఆధారం ఉందో లేదో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

ఆయిల్ డబ్బాల మీద "ఇంజిన్ భాగాలను అంటిపెట్టుకుని ఉండే అణువులు" అనే అర్థం వచ్చే మాటలు మీరు చూసే ఉంటారు. మన దేశంలో ద్విచక్ర వాహనాలకు వాడే కాస్ట్రాల్ యాక్టివ్, కార్లకు వాడే కాస్ట్రాల్ మాగ్నటెక్ ఈ తరహా ప్రచారంతోనే పేరు పొందాయి. వాటి వాదన ఇలా సాగుతుంది: బండి ఆపగానే ఆయిల్ కిందికి జారిపోతుంది. మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు, ఆయిల్ పైకి చేరేలోగా లోహం లోహంతో రాసుకుని అరుగుతుంది. మా ఆయిల్ మాత్రం భాగాలను వదలదు కాబట్టి ఇంజిన్‌ను కాపాడుతుంది.

వినడానికి ఇది ఒకే మాటలా ఉన్నా ఇందులో మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. (అ) స్టార్టింగ్ సమయంలో అరుగుదల ఎక్కువ. (ఆ) ఆ సమయంలో మామూలు ఆయిల్ భాగాలపై ఉండదు. (ఇ) అంటుకునే ఆయిల్ ఉంటుంది, అందువల్ల అరుగుదల తగ్గుతుంది. మొదటిది నిజమైనంత మాత్రాన మిగిలినవి నిజమైపోవు. అందుచేత ఒక్కొక్కదాన్ని విడిగా పరిశీలించాలి.

2. కందెన పనిచేసే రెండు స్థితులు

1883లో బోషాంప్ టవర్ అనే ఇంగ్లీషు ఇంజినీరు రైలు ఇరుసు బేరింగులపై ప్రయోగాలు చేశాడు. బేరింగుకు ఉన్న ఒక రంధ్రాన్ని బిరడాతో మూస్తే, లోపలి ఆయిల్ ఒత్తిడి ఆ బిరడాను బయటికి నెట్టేసింది. తిరిగే ఇరుసే ఆయిల్‌ను సన్నని సందులోకి లాక్కుని, ఆ ఒత్తిడితో పైబరువును మోస్తోందని దీనివల్ల తెలిసింది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతం ఇచ్చాడు. వాన నీరు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోయే కారు టైరు నీటి పొర మీదికి లేచి జారడం కూడా ఇదే సూత్రం. ఈ స్థితిలో రెండు లోహాలు ఒకదానికొకటి తగలవు. ఇక్కడ ముఖ్యమైనవి ఆయిల్ స్నిగ్ధత, అంటే చిక్కదనం, భాగం తిరిగే వేగం. అంటుకునే గుణానికి ఇక్కడ పెద్దగా పని లేదు.

వేగం తక్కువగా, బరువు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ పొర పలచబడి లోహపు గరుకు కొనలు తగులుకుంటాయి. స్టార్టింగ్ తొలి క్షణాలలో, క్యామ్ అంచుల దగ్గర, పిస్టన్ పైకీ కిందికీ తిరుగు మళ్ళే చోట ఇలా జరుగుతుంది. దీన్ని సరిహద్దు కందెన స్థితి అంటారు. 1920ల తొలినాళ్ళలో విలియం బేట్ హార్డీ దీన్ని లోతుగా అధ్యయనం చేశాడు. ఈ స్థితిలో రక్షణ ఇచ్చేది లోహపు ఉపరితలాన్ని పట్టుకుని ఉండే అతి పలుచని రసాయన పొర. కాబట్టి అంటుకునే అణువులు అనే భావనకు శాస్త్రీయ పునాది ఉంది.

3. అంటుకోవడం అంటే ఏమిటి?

ఇక్కడ అంటుకోవడం అంటే బంకలా పట్టుకోవడం కాదు. పెట్రోలియం నుంచి తీసిన మూల నూనెలో ఎక్కువగా ఉండేవి ధ్రువత్వం లేని హైడ్రోకార్బన్లు. ఎస్టర్లు, కొవ్వు ఆమ్లాలు వంటి అణువులకు మాత్రం ఒక ధ్రువ కొన ఉంటుంది. ఆ కొన లోహాన్ని పట్టుకుంటుంది, మిగిలిన తోక బయటికి నిలబడుతుంది. దీన్ని అధిశోషణం అంటారు. ఇలా ఏర్పడే ఒక వరుస అణువుల మందం దాదాపు 2 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరులో 5 లక్షలవ వంతు.

ఈ సంగతి మన పల్లెలకు కొత్తది కాదు. ఎద్దుబండి ఇరుసుకు ఆముదంతో చేసిన కందెన పూసేవారు. ఆముదంలోని కొవ్వు ఆమ్లానికి ధ్రువ గుణం ఉండడం వల్ల అది లోహాన్ని బాగా పట్టుకుంటుంది. 1909లో వచ్చిన కాస్ట్రాల్ అనే పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో ఉన్న క్యాస్టర్ ఆయిల్ అనే మాట నుంచే పుట్టింది.

4. మామూలు ఆయిల్ పూర్తిగా జారిపోతుందా?

పోదు. నూనె డబ్బాను బోర్లించి రాత్రంతా వదిలేసినా లోపల జిడ్డు మిగులుతుంది. ఇంజిన్‌లోనూ అంతే. బేరింగుల సన్నని సందుల్లో ఆయిల్ నిలిచి ఉంటుంది. దీనికి తోడు, ప్రమాణాలకు తగిన ఇంజిన్ ఆయిళ్ళలో అరుగుదలను అడ్డుకునే రసాయనాలు ముందే కలిసి ఉంటాయి. వీటిలో ప్రధానమైనది 1940ల నుంచి వాడుకలో ఉన్న జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. వేడి, రాపిడి తగిలిన చోట ఇది గాజు లాంటి గట్టి ఫాస్ఫేట్ పొరగా మారుతుంది. ఆ పొర ఘన పదార్థం. బండి ఆపినంత మాత్రాన కారిపోదు.

ఈ ప్రశ్న 1992లో అమెరికాలో కోర్టు దాకా వెళ్ళింది. తన 10డబ్ల్యూ-30 ఆయిల్ స్టార్టింగ్ సమయంలో ఇతర ప్రముఖ ఆయిళ్ళకన్నా బాగా రక్షిస్తుందని పరీక్షలు రుజువు చేశాయంటూ క్వేకర్ స్టేట్ కంపెనీ ప్రకటన ఇచ్చింది. పోటీదారు దావా వేసింది. క్వేకర్ స్టేట్ చూపిన పరీక్ష ఆ ఆయిల్ భాగాలను త్వరగా చేరుతుందని చెప్పింది. త్వరగా చేరడం వల్ల అరుగుదల తగ్గిందని మాత్రం చూపలేకపోయింది. అంతకు ముందు నడిపినప్పుడు మిగిలిన ఆయిల్ కొత్త ఆయిల్ చేరేదాకా రక్షణ ఇస్తుందన్న నిపుణుల సాక్ష్యాన్ని న్యాయమూర్తి అంగీకరించి, ఆ ప్రకటనను తాత్కాలికంగా నిలిపివేశాడు. అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఆ దావా వేసిన పోటీదారు కాస్ట్రాల్. మాగ్నటెక్ ప్రచారం చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

5. స్టార్టింగ్ అరుగుదలకు అసలు కారణాలు

చల్లని ఇంజిన్ ఎక్కువ అరుగుతుందన్న మాటలో నిజం ఉంది. కానీ దానికి కారణం తొలి ఒకటి రెండు సెకన్లు మాత్రమే కాదు, ఇంజిన్ వేడెక్కేదాకా గడిచే నిమిషాలు కూడా. చల్లని సిలిండరు గోడలపై దహనంలో పుట్టిన నీటి ఆవిరి, ఆమ్లాలు చేరి లోహాన్ని తింటాయి. ఆవిరి కాని పెట్రోలు గోడల మీది ఆయిల్‌ను కడిగివేస్తుంది. కొంత ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. రోజూ 2 కిలోమీటర్లు వెళ్ళి ఆపే బండికి అందుకే నష్టం ఎక్కువ. అంటుకునే అణువుల వరుస ఈ సమస్యను పూర్తిగా తీర్చలేదు.

వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 20డబ్ల్యూ-40లో డబ్ల్యూ అంటే చలికాలం. 20డబ్ల్యూ ఆయిల్ స్టార్టింగ్ చిక్కదనాన్ని సున్నాకు 15 డిగ్రీల సెల్సియస్ దిగువన పరీక్షిస్తారు. తెలుగు నేలపై లంబసింగి, ఆదిలాబాద్ వంటి చోట్ల కూడా అంత చలి ఉండదు. మంచు దేశాల్లో గడ్డకట్టిన ఆయిల్ గురించి పుట్టిన భయాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోనక్కర్లేదు.

6. ప్రకటనను ఎలా చదవాలి?

"ఇన్ని రెట్లు మెరుగు" అని కనిపిస్తే, దేనికంటే అని అడగండి. ఒక ఉదాహరణ చూడండి. సీక్వెన్స్ 4ఎ అనే ప్రామాణిక పరీక్షలో ఇంజిన్‌ను 100 గంటలు నడిపి క్యామ్ అరుగుదలను కొలుస్తారు. ఎ.పి.ఐ. ఎస్.ఎన్. శ్రేణికి గరిష్ఠ పరిమితి 90 మైక్రోమీటర్లు. ఒక ఆయిల్‌కు 30 వచ్చిందనుకుందాం. పరిమితితో పోల్చి "మూడు రెట్లు మెరుగు" అనవచ్చు. అది అబద్ధం కాదు. కానీ పక్క షాపులోని మామూలు ఆయిల్‌కు కూడా 30 వచ్చి ఉంటే, మీరు అదనంగా పెట్టిన డబ్బుకు ఏమీ దక్కనట్లే. పరిమితితో పోలిక వేరు, పోటీ ఆయిల్‌తో పోలిక వేరు.

ఆయిల్‌లో విడిగా కలిపే ద్రవాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. స్లిక్ 50 అనే ద్రవం ఇంజిన్ భాగాలపై పి.టి.ఎఫ్.ఇ. పూత వేస్తుందని ప్రచారం చేసుకుంది. అలాంటి పూత ఏర్పడదని, ఆ ప్రచారానికి ఆధారాలు లేవని 1996లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది. యజమాని సూచనల పుస్తకం చెప్పిన ఆయిల్ వాడితే చాలా ఇంజిన్లకు స్టార్టింగ్‌లో తగిన రక్షణ ఉంటుందని కూడా అది పేర్కొంది. 1997లో ఆ వివాదం రాజీతో ముగిసింది. మన దేశంలో 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు.

7. మీ బండికి ఏది మేలు?

• సూచనల పుస్తకంలోని గ్రేడు, ప్రమాణం చూసి కొనండి. అంటుకునే ఆయిల్ ఆ ప్రమాణానికి సరిపోతే వాడవచ్చు, హాని లేదు. ధర తేడా ఎక్కువైతే మాత్రం ఆలోచించండి.
• చాలా మోటారు సైకిళ్ళలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటుంది. వాటికి జాసో ఎమ్.ఎ. లేదా ఎమ్.ఎ.2 గుర్తు ఉన్న ఆయిల్ కావాలి. ఘర్షణను మరీ తగ్గించే ద్రవాలు కలిపితే క్లచ్ జారుతుంది.
• ఆయిల్ మట్టం చూసుకోండి, గడువుకు మార్చండి. మట్టం పడిపోయిన ఇంజిన్‌ను ఏ అణువూ కాపాడలేదు.
• స్టార్ట్ చేసిన వెంటనే రేజ్ చేయకండి. మొదటి కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడపండి.

8. సారాంశం

ధ్రువ అణువులు లోహానికి అంటుకోవడం నిజం. సరిహద్దు స్థితిలో అవి సాయపడడమూ నిజమే. అయితే మామూలు ఆయిల్ కూడా పూర్తిగా జారిపోదు, అందులోనూ రక్షణ పొర ఏర్పరిచే రసాయనాలు ఉంటాయి. అందువల్ల, ఒకే ప్రమాణానికి చెందిన ఇతర ఆయిల్‌కన్నా అంటుకునే ఆయిల్ వల్ల అరుగుదల ఎంత తగ్గిందో పక్కపక్కన కొలిచి చూపినప్పుడే దానికి ఎక్కువ ధర చెల్లించడం సమంజసం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టవర్ ప్రయోగంలో బిరడా బయటికి రావడానికి కారణం ఏమిటి?
2. బంకలా అంటుకోవడానికి, అధిశోషణానికి భేదం రాయండి.
3. ఆయిల్ త్వరగా చేరడం, అరుగుదల తగ్గడం ఒకటే ఎందుకు కావు? 1992 నాటి కేసు ఆధారంగా వివరించండి.
4. మీకు దగ్గరలోని షాపులో ఒకే గ్రేడు గల రెండు ఆయిల్ డబ్బాలను పరిశీలించండి. వాటిపై ఉన్న ప్రమాణాలను, ధరలను, ప్రచార వాక్యాలను పట్టికగా రాసి, ఏది కొంటారో కారణాలతో తెలపండి.