కోసిన పన్ను మన పైసలే, వెనక్కి తెచ్చుకుందాం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి చదువుల కోసం హైదరాబాద్ పోయిన మన పిల్లలు చాలామంది ఏదో ఒక పని చేసుకుంటూనే చదువుతున్నారు. కాల్ సెంటర్, డేటా ఎంట్రీ, కోచింగ్ సెంటర్లో పాఠాలు. పరీక్షలు రాగానే ఒక పని మానేస్తారు, అయిపోయాక ఇంకోటి వెతుక్కుంటారు. చేతికొచ్చే డబ్బులో మాత్రం కోత ఉంటుంది. అడిగితే 'టీడీఎస్' అంటారు. పోయిన డబ్బే అనుకుని చాలామంది వదిలేస్తారు. అది పోయిన డబ్బు కాదు.

మన పెద్దలు పాలమూరు లేబర్‌గా దేశమంతా తిరిగి డ్యాములు, కాల్వలు కట్టారు. గుంపు మేస్త్రి చెప్పిందే లెక్క, కాగితం వాళ్ల చేతిలో ఉండేది. ఈ కోతకు మాత్రం కాగితం ఉంది. దాన్ని చూసే హక్కు మనకుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. 2025-26లో ఒక విద్యార్థి మొదటి కంపెనీలో నెలకు 18,000 చొప్పున 4 నెలలు, రెండో దాంట్లో 20,000 చొప్పున 5 నెలలు పనిచేశాడు. రెండు చోట్లా ఉద్యోగిగా కాక 'కన్సల్టెంట్'గా రాసుకుని 10 శాతం కోశారు. మొత్తం ఆదాయం 1,72,000. కోత 17,200. కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది 4 లక్షల వరకు పన్నే లేదు. అంటే 17,200 మొత్తం వెనక్కి రావాలి. పాన్ నంబర్ ఇవ్వకపోతే కోత 20 శాతం దాకా పోతుంది, కాబట్టి చేరిన రోజే పాన్ ఇవ్వాలి.

డబ్బు దానంతట అది రాదు. రిటర్ను వేయాలి. ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ పోర్టల్లో పాన్‌తో ఖాతా తెరవడానికి, రిటర్ను వేయడానికి రుసుము లేదు. ముందుగా ఫారం 26ఏఎస్ చూడండి. మీ పేరున ఏ కంపెనీ ఎంత కట్టిందో అందులో ఉంటుంది. జీతమైతే ఫారం 16, కాంట్రాక్టు పనైతే ఫారం 16ఏ ప్రతి కంపెనీ నుంచీ అడిగి తీసుకోండి. రెండు పనుల ఆదాయమూ చూపించాలి. జీతం ఒక్కటే అయితే సాధారణంగా ఐటీఆర్-1, కాంట్రాక్టు ఆదాయానికి ఎక్కువగా ఐటీఆర్-4. మీ పేరున్న బ్యాంకు ఖాతాను పోర్టల్లో ధ్రువీకరించుకోండి. రిటర్ను వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి. ఇది మరిచిపోతే రిటర్ను చెల్లదు.

జీతం కోసి కంపెనీ ప్రభుత్వానికి కట్టకపోతే? 26ఏఎస్‌లో అది కనపడదు. ముందు కంపెనీని రాతపూర్వకంగా అడగండి. పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోండి. మీ దగ్గర ఒకసారి కోసిన పన్నును మళ్లీ మీ నుంచే వసూలు చేయకూడదని చట్టం చెబుతోంది.

ఐటీఆర్-1కు గడువు సాధారణంగా జూలై 31. దాటితే డిసెంబర్ 31 లోపు వేయొచ్చు, ఆలస్య రుసుము పడే అవకాశం ఉంది. అదీ దాటిన పాత ఏళ్లకు, సరైన కారణం చూపించి ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. సంబంధిత అసెస్‌మెంట్ ఇయర్ ముగిశాక ఐదేళ్ల వరకు ఆ వీలుంది.

రెండు జాగ్రత్తలు. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు పన్ను లేదు, దాన్ని జీతంలో కలపకండి. రిఫండ్‌లో వాటా అడిగే ఏజెంట్లు లేని పొదుపులు, లేని విరాళాలు రాసి ఎక్కువ తెప్పిస్తామంటారు. ఒప్పుకోవద్దు. నోటీసు వచ్చేది మీ పేరుమీదే, ఏజెంటు పేరుమీద కాదు.

17,200 అంటే మన ఇళ్లలో చిన్న మొత్తం కాదు. హాస్టల్ గదిలో ఒక్కరు నేర్చుకుంటే నలుగురికి చూపించొచ్చు. ఈ వారమే మీ 26ఏఎస్ తెరిచి చూడండి.