శిశువు మెదడునకు పునాది

గర్భిణికి అయిదవ మాసము వచ్చినది మొదలు పురాణకథలు వినిపింపవలెనని మన పెద్దలు చెప్పుదురు. తల్లి గర్భమున నుండగనే అభిమన్యుడు పద్మవ్యూహమును గూర్చియు, ప్రహ్లాదుడు హరిభక్తిని గూర్చియు వినిరని మనమందరము ఎరిగినదే. ఆ యాచారమును మేము కాదనము. మంచిమాట వినుట తల్లి మనస్సునకు హాయి. కాని బిడ్డ మెదడునకు పునాది పడునది అయిదవ మాసమున గాదు, మూడవ మాసమునను గాదు. గర్భము నిలిచిన 28 దినములలోపలనే ఆ పని ముగిసిపోవును. నెలసరి తప్పిన దినము నుండి లెక్కించినచో అది సుమారు రెండు వారములు. అప్పటికి తాను గర్భవతినని ఆ తల్లి నిశ్చయముగా ఎరుగకపోవచ్చును.

ఈ జూపాడు బంగ్లాలో మా యింటికి కొంచెము ఆవల ఒక కోడలు గలదు. తొలిచూలు. మూడు నెలలు నిండువరకు ఎవరికిని చెప్పరాదని, చెప్పినచో దృష్టి తగులునని ఆ యింటి నియమము. నాలుగవ నెలలో నందికొట్కూరునకు పోయి డాక్టరమ్మకు చూపుకొనిరి. అయిదవ నెలలో చేయింపవలసిన స్కానింగు చేల పనులలో వాయిదా పడి మానిపోయినది. పుట్టిన ఆడుశిశువు వీపు అడుగుభాగమున నిమ్మకాయంత నీటితిత్తి కనబడెను. పసిదాని కాళ్లు తగినట్లు కదలవాయెను. ఇక బంధువుల నోళ్లకు మూత యెక్కడ? గ్రహణమునాడు కత్తిపీట ముట్టినదట! ఆ పచ్చి బాలింతరాలు మా చేయి పట్టుకొని, “అక్కా, ఆ పొద్దు నేను వంకాయలు తరిగింది నిజమే. దానివల్లనేనా నా బిడ్డకు ఇట్లయింది?” అని అడిగినప్పుడు మాకు కన్నీరాగలేదు. గ్రహణమునకును ఈ లోపమునకును ఏ సంబంధమును లేదని చెప్పితిమి. అయినచో కారణమేమని ఆమె యడిగెను. దాని సమాధానమే ఈ వ్యాసము.

గర్భము నిలిచిన మూడవ వారమున పిండము చిన్న ఆకువలె పలుచగా నుండును. దాని వీపు పొడవునను ఒక పట్టీవంటి భాగము ఏర్పడి, దాని రెండంచులును పైకి లేచి, ఒకదానినొకటి కలిసికొని గొట్టమగును. మన వంటయింటి పోలిక చెప్పవలెనన్న, పూర్ణము పెట్టి కజ్జికాయ అంచులు అదిమి మూయుట వంటిదే. చిత్రమేమనగా ఈ గొట్టము కూడ ముందు నడుమ మూసికొని, అటు తలవైపునకును ఇటు తోకవైపునకును సాగును. తలవైపు కొన 25వ దినమునకును, క్రిందికొన 28వ దినమునకును ఇంచుమించుగా మూసికొనును. పైభాగము మెదడగును, క్రిందిభాగము వెన్నుపాము. అంచు సరిగా అంటుకొనని కజ్జికాయ నూనెలో విచ్చుకొనుట మనము చూడనిదా? తలవైపు విచ్చుకొనియున్నచో పుఱ్ఱెయు మెదడును ఏర్పడక ఆ శిశువు బ్రదుకజాలదు. క్రిందివైపు విచ్చుకొనియున్నచో వెన్నుపాము బయటపడి, కాళ్ల బలము తగ్గును, మలమూత్రములపై అదుపు తప్పును, తరచుగా తలలో నీరు చేరును.

గర్భమున ఏ యవయవము ముందు పుట్టునని మన పూర్వులును తర్కించిరి. సుశ్రుతసంహిత శారీరస్థానమున శౌనకుడు శిరస్సే ముందని చెప్పినట్లును, ఒకరు హృదయమనియు మఱొకరు నాభియనియు అన్నట్లును, అన్నియు ఒక్కమారే కలుగునని ధన్వంతరి తీర్పు చెప్పినట్లును ఉన్నది. ఈనాటి సూక్ష్మదర్శినితో చూచువారు శౌనకునకు కొంతయు, ధన్వంతరికి కొంతయు మార్కులు వేయుదురేమో!

ఈ గొట్టము మూసికొనుటకు కావలసిన వస్తువులలో ముఖ్యమైనది ఫోలిక్ ఆమ్లము. కణములు వేగముగా వృద్ధిపొందు చోటనెల్ల దీని యవసరము మిక్కిలి. దీని చరిత్రలో మన దేశమునకును, మన తెలుగువానికిని చోటున్నది. 1928 తరువాత లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలుమిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల పాండురోగమును పరిశీలించి, ఈస్టు సారముతో అది కుదురుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సారములోని గుణమిచ్చు వస్తువేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి రవంత ఆమ్లమును తీసి, లాటిను భాషలో ఆకునకు గల పేరునుబట్టి ఫోలిక్ ఆమ్లమని పిలిచిరి. దానిని ఆకుతో పనిలేకుండ 1945లో కృత్రిమముగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాలకు పరిశోధనాధిపతి మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

పదుమూడేండ్ల వయస్సున యాత్రికులకు అరటిపండ్లమ్మి డబ్బు సంపాదించెదనని కాశీకి పరుగెత్తబోయిన ఆ బాలుని వెనుకకు తెచ్చి బడిలో కూర్చుండబెట్టినది తల్లి వెంకమ్మగారు. మెట్రిక్యులేషను మూడవమారు గాని దాటలేదు. స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధిచే సోదరుని పోగొట్టుకొన్న ఆయన, ఆ వ్యాధికే పనికివచ్చు మందును చివరకు చేతబట్టెను. అమెరికాకు వెడలి, మరల స్వదేశమునకు రాకయే 1948లో అక్కడనే మరణించెను. ఇల్లాలు శేషగిరిగారు ఇక్కడ నుండిపోయిరి. వారికి కలిగిన కుమారుడు పసితనముననే పోయెను. ఈ మాత్ర మ్రింగునప్పుడు సుబ్బారావుగారిని తలచువారే అరుదు. శేషగిరిగారిని తలచువారు లేనే లేరు.

అయినను ఈ ఆమ్లము పాండురోగమునకే కాక మెదడు పునాదికిని కావలెనని రుజువగుటకు ఇంకను చాలకాలము పట్టెను. ఇంగ్లాండులో హిబ్బర్డు, స్మిథెల్సు అను వైద్యులు 1965లో ఆ యనుమానమును వెల్లడించిరి. 1991లో ఏడు దేశములలోని 33 కేంద్రములలో జరిగిన పరీక్ష ఫలితము ప్రకటింపబడెను. ఇదివరకే ఇట్టి బిడ్డను కన్న 1817 మంది స్త్రీలు అందు పాల్గొనిరి. గర్భమునకు ముందునుండియు దినమునకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నవారి 593 కాన్పులలో 6 శిశువులకు లోపము కలిగెను. పుచ్చుకొననివారి 602 కాన్పులలో 21 మందికి కలిగెను. అనగా నూటికి 72 వంతులు ఆపద తొలగినది. పూర్తిగా తొలగలేదు సుమా! మాత్రలు వాడియు లోపము గల బిడ్డను కన్న తల్లిని ఇందుకొఱకై ఎత్తిపొడుచుట మఱియొక గ్రహణదోషము పెట్టుట వంటిదే. అమెరికాలో 1998 నుండి గోధుమపిండిలోనే ఈ ఆమ్లమును కలుపుచున్నారు.

మన యిండ్లలో ఆకుకూరలకు కొదువలేదు గదా, మాత్రలెందుకని కొందరడుగుదురు. తోటకూర, పాలకూర, గోంగూర, శనగలు, పెసలు, అలసందలు, అన్నింటను ఈ ఆమ్లము గలదు. కాని నీటిలో కరుగు గుణమును, వేడికి చెడు గుణమును దీనికి రెండును గలవు. కూరను తరిగిన పిదప కడిగి, పొంగించి, ఆ నీరు పారబోసి తాలింపు పెట్టినచో మిగులునది కొంచెమే. ముందు కడిగి, తరువాత తరిగి, కొద్ది నీటితో మూతపెట్టి వండుట మేలు. అట్లు చేసినను కావలసిన కాలమున కావలసినంత చేరునని నమ్మరాదు. కనుక బిడ్డను కోరు ప్రతి స్త్రీయు గర్భమునకు కనీసము ఒక నెల ముందునుండి మూడవ నెల నిండువరకు దినమునకు 400 మైక్రోగ్రాములు పుచ్చుకొనవలెనని వైద్యుల మాట. బజారున సాధారణముగ దొరకు 5 మిల్లీగ్రాముల మాత్ర దీనికి పండ్రెండు రెట్లకు పైబడినది. అది ఇదివరకు ఇట్టి బిడ్డను కన్నవారికిని, వైద్యులు ప్రత్యేకముగా చెప్పినవారికిని. అంగన్‌వాడిలోను, ఆశా కార్యకర్త చేతను అందు ఎఱ్ఱని ఇనుము మాత్రలోను ఈ ఆమ్లము గలదు గాని, ఆ మాత్ర గర్భిణికి నాలుగవ నెలనుండి మొదలు. అప్పటికి కజ్జికాయ మూసికొనియో, విచ్చుకొనియో ముగిసినది. బడిపిల్లల నీలిమాత్ర వారమునకొక్కటి. రక్తమునకు మంచిదే గాని ఈ పనికి దానినే నమ్ముకొనరాదు.

మధుమేహము గలవారును, మూర్ఛవ్యాధికి మందు వాడువారును గర్భమునకు ముందే వైద్యుని అడుగవలెను. మూర్ఛమందులలో వాల్‌ప్రోయేటు ఈ లోపమును పెంచును. అట్లని తామే మందు మానుట ఇంకను ప్రమాదము.

బిడ్డ పుట్టిన పిదప వీపున తిత్తి కనబడినచో పసరుగాని, పసుపుగాని, బూడిదగాని అద్దరాదు. ఆసుపత్రివారిచ్చు శుభ్రమైన ఉప్పునీటి తడిగుడ్డ కప్పి, బోర్లగనో ప్రక్కకో పరుండబెట్టి, శస్త్రచికిత్స చేయు పెద్దాసుపత్రికి ఆ దినముననే తీసికొనిపోవలెను. ఆలసించినకొలది ఆ దారిని మెదడునకు విషక్రిమి సోకు భయము హెచ్చు. తరువాతను తల చుట్టుకొలతను టేపుతో కొలిపించి వ్రాయించుచుండవలెను. తల వేగముగా పెరుగుట, ఏడువనప్పుడును మాడు ఉబ్బి బిగిసియుండుట, కనుగుడ్లు క్రిందికి వాలుట, మాటిమాటికి వాంతియగుట, ఇవి తలలో నీరు చేరుచున్న గుర్తులు. ఆ నీటిని కడుపులోనికి మళ్లించు సన్నని గొట్టమును సకాలమున అమర్చినచో ఇట్టి బిడ్డలలో పెక్కురు ఇతరులవలెనే చదువుకొనగలరు. కాళ్లు బలహీనమైన బిడ్డను తెలివి లేనిదిగా నెంచి బడి మాన్పించుట మేము చూచితిమి. అది వెన్నుపాము చేసిన దోషము గాదు, పెద్దలు చేసినది.

మా పొరుగు పసిదానికి మూడవనాడు శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు కాళ్లకు పట్టీలు కట్టుకొని, గోడ పట్టుకొని మా గడపవరకు వచ్చి, అరుగుమీద కూర్చుండి మా వారు సుద్దముక్కతో వ్రాయించు అక్షరములు దిద్దుచున్నది. “ఱ” వ్రాయుట దానికి మహా యిష్టము. ఎందుకో మాకు తెలియదు.

తల్లి రెండవ కాన్పు మాట తలపెట్టుటకే చాలకాలము జంకినది. పోయిన నెలలో భర్తను వెంటబెట్టుకొని డాక్టరమ్మ కడకు పోయి, తన సంగతినంతయు చెప్పి, పెద్దమాత్ర వ్రాయించుకొని వచ్చినది. మొన్న మా యింటికి వచ్చినప్పుడు వంటయింటి క్యాలెండరులో మాత్ర వేసికొన్న దినములకు సున్నలు చుట్టుచున్నానని చెప్పినది. నలుబది సున్నలైనవట. ఇంకను నెల తప్పలేదు. ఈసారి అత్తగారే ప్రతిరాత్రి భోజనమైన పిమ్మట, “మాత్ర వేసుకున్నావా?” అని అడుగుచున్నారట.