సైకిళ్లపై హిమాలయపు కనుమలు

నేఁటి విషయము జట్టుగాఁ గూడి సైకిళ్లపై హిమాలయపు కనుమలను దాఁటుట. మామిడితోఁటల నీడను పెరిగిన మా మైలవరపు పిల్లలకు కొండ యన్నచో కొండపల్లి కొండలే. ఇట్టివారు ఇప్పుడు మనాలినుండి లేహునకు సైకిలుయాత్ర పోవుదు మనుచున్నారు. వలదని నేననను. తెలిసి పొండని మాత్రము చెప్పుదును.

కనుమ యనఁగా శిఖరముల నడుమ దారి యిచ్చు పల్లము. లడఖువారు దీనినే ‘లా’ యందురు. హంసలు మానససరస్సునకుఁ బోవు క్రౌంచరంధ్రమును కాళిదాసు మేఘసందేశమున వర్ణించెను. మేఘునకు ఊపిరి యక్కఱలేదు గనుక, నేను చెప్పఁబోవు చిక్కు ఆ కావ్యమునఁ గానరాదు.

మనాలి సముద్రమట్టమునకు సుమారు 2,050 మీటర్ల యెత్తున నున్నది. రోహతాంగు కనుమ 3,978 మీటర్లు. బారలాచా సుమారు 4,890. తంగ్లంగు లా 5,300 మీటర్లకు పైబడినది. అచ్చటి గాలిలోను ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే. కాని గాలి యొత్తిడి ఇంచుమించు సగమునకు దిగుటచే, ఒక్కొక్క యూపిరికి మన యూర లభించుదానిలో సగమే లభించును. అన్నము సయితము ఉడుకదు! 5,000 మీటర్ల యెత్తున నీరు 83 డిగ్రీలకే తెర్లును. బియ్యము పలుకుగానే యుండును. బిగుతైన మూఁత గల కుక్కరు లేనిదే తెలుగువానికి అచ్చట భోజనము లేదు.

శరీరము ఈ కొఱఁతకు అలవడఁగలదు గాని, దానికి దినములు పట్టును. 3,000 మీటర్లు దాఁటిన పిమ్మట రాత్రి నిద్రించు చోటు దినమునకు 500 మీటర్లకు మించి పెరుగరాదనియు, మూఁడు నాలుగు దినముల కొకమాఱు విశ్రమింపవలెననియు వైద్యులు చెప్పుదురు. కండబలము ఈ వ్యాధికి మందు కాదు. బలవంతుఁడే తొందరపడి ముందెక్కి ముందు పడుటయు కలదు. అనంతగిరి కనుమదారి నెక్కి సాధన చేసినచో కాళ్లు గట్టిపడును, ఊపిరికి మాత్రము అది చాలదు.

తలనొప్పి, వికారము, నిద్రలేమి మొదటి గుర్తులు. అవి యుండఁగా పైకెక్కరాదు. కూర్చున్నను ఆయాసము, విడువని దగ్గు, నడకలో తూలుట, మతి తడఁబడుట కనఁబడినచో ప్రాణాపాయ మని యెఱుఁగుఁడు. రాత్రి యైనను వానిని తోడిచ్చి క్రిందికి దింపవలెను.

జట్టువలని ప్రయోజన మిచ్చటనే కలదు. మతి తడఁబడినవాఁడు తన స్థితిని తానెఱుఁగఁడు, ప్రక్కవాఁడు చూడవలెను. నవ్వుదురని తలనొప్పిని దాఁచువానికంటె, దాఁచునట్లు నవ్వినవారిదే నా దృష్టిలో పెద్ద తప్పు. కావున నాయనలారా, రుసుము చెల్లించుటకు ముందే అడుగుఁడు: విశ్రాంతిదినము లెన్ని? వెనుక బండి వచ్చునా? ప్రాణవాయువు సీసాలు కలవా? వెనుకకు మరలుమని శాసించు అధికార మెవరిది? దీనికి సూటిగా బదులు రాని జట్టును విడిచిపెట్టుఁడు.

ఇంకొక సంగతి. మధ్యాహ్నపు టెండకు మంచు కరఁగి, దారి కడ్డముగాఁ బాఱు వాగులు పొంగును. వేకువనే బయలుదేరి వానిని ఉదయముననే దాఁటవలెను.