పండుగ గౌను పాపకు హాయిగా ఉందా?

నవంబరు నెల సగం దాటిందంటే చాలు, మన క్రైస్తవ గృహాలలో క్రిస్మస్ బట్టల మాట మొదలవుతుంది. గోడలకు సున్నం వేయించడం, వాకిట్లో నక్షత్రం కట్టడం, పిండివంటల సరుకులు తేవడం, ఇవన్నీ తరువాత. ముందు పిల్లల బట్టలు. పెద్దవాళ్ళం ఇస్త్రీ చేసిన పాత చీరతోనో పాత చొక్కాతోనో ఆరాధనకు వెళ్ళగలం గానీ, పసివాడు పండుగ పూట కొత్త బట్ట లేకుండా ఉండకూడదని, కూలికి వెళ్ళే తల్లి కూడా చీటీ డబ్బులో కొంత తీసి పక్కన పెడుతుంది. ఆ ప్రేమను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. అయితే అంత కష్టార్జితం పోసి కొన్న బట్ట ఆ బిడ్డ ఒంటికి హాయిగా ఉందా అని అడిగేవారు మాత్రం తక్కువ.

బట్టల సంగతి పాస్టరుగారికెందుకు అని కొందరు నవ్వుకోవచ్చు. ఏటేటా సండే స్కూలు పిల్లలను వేదిక ఎక్కించి దింపేవాణ్ణి గనుక వారి ఏడుపులన్నీ ముందు నా చెవినే పడతాయి. ఐదేళ్ళలోపు పిల్లలను మనసులో పెట్టుకొని ఈ మాటలు రాస్తున్నాను.

ఒక ఏడాది మా క్రిస్మస్ కార్యక్రమంలో దేవదూత వేషానికి మూడేళ్ళ పాపను నిలబెట్టాం. తెల్లటి నెట్ గౌను, దాని కింద బిరుసైన కుచ్చులు, మెడ చుట్టూ నైలాను లేసు, ఛాతీ మీద మెరిసే తళుకులు. చూసినవారంతా "ఎంత ముద్దుగా ఉందో!" అన్నారు. పాప మాత్రం మెడ గోక్కుంటూ రెండు నిమిషాలు నిలబడి, తరువాత గొల్లుమంది. జనాన్ని చూసి భయపడిందనుకున్నారు. పాస్టరమ్మగారు పక్కకు తీసుకుపోయి గౌను విప్పి చూస్తే, మెడ చుట్టూ, చంకల కింద ఎర్రగా దద్దుర్లు. పాత నూలు గౌను ఒకటి తొడిగేసరికి ఏడుపు ఆగిపోయింది. ఆ తల్లి నెమ్మదిగా "పద్దెనిమిది వందలండి" అంది. ఆ మాటలో ఎంత బాధ ఉందో ఆమె ఇంటి పరిస్థితి తెలిసినవారికే అర్థమవుతుంది.

మనం ఉండేది గోదావరి డెల్టాలో. చుట్టూ కాలువలు, వరి చేలు, చెరువులు, ఒక పక్క సముద్రం. గాలిలో తేమ ఎక్కువ గనుక పట్టిన చెమట త్వరగా ఆరదు. ఆరని చెమట బట్టకూ చర్మానికీ మధ్య నిలిచిపోతే పసివాళ్ళ ఒళ్ళు పేలిపోతుంది. వారి చర్మం మనకంటే పల్చన. చెమట బయటికి వచ్చే సన్నని దారులు ఇంకా పూర్తిగా తయారై ఉండవు, సులువుగా మూసుకుపోతాయి. అందుకే చెమటకాయలు మనకంటే వారికే ముందు వస్తాయి. డిసెంబరులో చలి కదా అంటారేమో! పందిరి నిండా జనం, తల మీద పెద్ద లైట్లు, తల్లి ఒడిలో వేడి, ఇవి చాలవా? పైగా డిసెంబరులో కొన్న గౌను ఈస్టరుకు, వేసవి పెళ్ళిళ్ళకు కూడా అదే.

నూలుబట్ట మంచిదని పెద్దలు చెప్పేది ఊరికే కాదు. పూర్తిగా ఎండిన 100 గ్రాముల నూలు మామూలు గాలిలో ఉన్న తేమను సుమారు 8 గ్రాముల దాకా పీల్చుకుంటుంది. పాలిస్టరు అర గ్రాము కూడా పీల్చుకోదు. ఆ తేడా మనకు అంకెల్లో కనబడుతుంది, బిడ్డకు వీపు మీద తెలుస్తుంది. మన పల్లెల్లో పురిటి బిడ్డకు కొత్త బట్ట వేయకుండా, అమ్మమ్మ పాత నూలు చీర చింపి చుట్టేవారు. వందసార్లు ఉతికిన నూలంత మెత్తనిది ఏ కొట్లోనూ దొరకదు.

ఇక కొట్టుకు వెళదాం. రాజమహేంద్రవరం చుట్టుపక్కల వారికి బట్టలంటే తాడితోటలోని హోల్‌సేల్ మార్కెట్, లేదా మెయిన్ రోడ్డు. తాడితోటలో గుడ్డ తానుల లెక్కన కదిలే చోటు; రెండు మూడు కుటుంబాలు కలిసి వెళితే బేరం బాగుంటుంది. పండుగ ముందు ఆదివారం సాయంత్రం పిల్లల్ని చంకనేసుకొని ఆ జనంలోకి వెళ్ళడం ఎవరికీ మంచిది కాదు. పనిరోజు ఉదయం పూట వెళ్ళండి. పగటి వెలుతురులో రంగు సరిగా కనబడుతుంది. అమ్మేవారికి కూడా నాలుగు బట్టలు విప్పి చూపించే ఓపిక ఉంటుంది.

"ఇది వేస్తే పాప యువరాణిలా ఉంటుందమ్మా" అని కొట్టువారు అంటారు. అనడం వారి పని. మీరు చేయవలసిన మొదటి పని ఆ గౌనును తిరగేయడం. పిల్లల బట్టను పైనుంచి కాదు, లోపలినుంచి చూసి కొనాలి. బిడ్డ ఒంటికి తగిలేది లోపలి వైపే గదా! మెడ, చంక, నడుము దగ్గర కుట్లను మీ చేతివేళ్ళతో కాదు, ముంజేతి లోపలి వైపు చర్మంతో రాసి చూడండి. పని చేసి కాయలు కాచిన వేళ్ళకు గరుకు తెలియదు. ఎంబ్రాయిడరీ వెనుక బిరుసు కాగితంలాంటి గుడ్డ అతికించి ఉందా? తళుకుల దారపు ముడులు లోపలికి పొడుచుకు వచ్చాయా? వీపు దగ్గర జిప్పుకు లోపల గుడ్డపట్టీ ఉందా, లేక పళ్ళు నేరుగా చర్మాన్ని పట్టుకుంటాయా? ఎలాస్టికు లాగి వదలండి. నడుము మీద ఎర్రని గీత వేసే ఎలాస్టికు బిడ్డను అన్నం కూడా సరిగా తిననివ్వదు.

మెడ సంగతి తప్పక చూడాలి. పసిబిడ్డకు ఒళ్ళు చిన్నది, తల పెద్దది. మెడ ఇరుకైన చొక్కాను తలమీదుగా లాగడం రోజూ ఒక యుద్ధం. భుజం మీద రెండు టిచ్ బటన్లున్న బనీను, లేదా ముందు వైపు తెరుచుకునే చొక్కా అయితే తల్లికీ బిడ్డకూ శాంతి.

అది నిజంగా నూలేనా అన్న అనుమానం వస్తే, కుట్టు లోపలి నుంచి ఒక పోగు లాగి ఇంటి దగ్గర, పిల్లలకు దూరంగా, అగ్గిపుల్లతో వెలిగించి చూడండి. నూలు కాగితం కాలిన వాసన వేసి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టరు కరిగి నల్లని గట్టి పూసలా ముడుచుకుంటుంది. రెండూ కలిసిన టెర్రికాటన్ అయితే కొంత బూడిద, కొంత పూస. టెర్రికాటన్ అసలే పనికిరాదని నేననను. ముడతపడదు, త్వరగా ఆరుతుంది, నాలుగేళ్ళ పిల్లవాడి నిక్కరుకు బాగానే ఉంటుంది. ఒంటిని అంటుకొని ఉండే బనీను, చెడ్డీ, రాత్రి బట్ట మాత్రం నూలువే కావాలి. రంగు దిగుతుందేమో చూడాలంటే తడిపిన తెల్ల చేతిరుమాలుతో ఒక మూల రుద్దితే చాలు. ప్రమాదకరమైన కొన్ని ఏజో రంగుల వాడకాన్ని మన ప్రభుత్వం 1997లో నిషేధించింది. అయినా రంగు వదిలే బట్టను అన్నీ నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు కొనకపోవడమే మేలు. ఏ కొత్త బట్టనైనా ఒకసారి ఉతికాకే తొడగాలి. కొత్త బట్టలోని గంజి, ముడతపడకుండా పట్టించిన మందులు అప్పుడే కొంత పోతాయి. నూలు కాస్త కుదించుకుపోయే గుణం కూడా ముందే బయటపడుతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. క్రిస్మస్ ఆరాధనలో కొవ్వొత్తులు వెలిగిస్తాం. గాలికి విప్పారే పొరలు పొరల గౌనుకు నిప్పు క్షణంలో అంటుకుంటుంది. నూలు కూడా కాలుతుంది. నైలాను, పాలిస్టరు అయితే కాలుతూ కరిగి చర్మానికి అతుక్కుపోతాయి. చిన్నపిల్లల చేతికి వెలుగుతున్న కొవ్వొత్తి ఇవ్వకండి, సంఘ పెద్దలు కూడా ఇవ్వనివ్వకండి. అలాగే మెడ దగ్గర లాగి కట్టే తాళ్ళు. ఆటవస్తువులకు, తలుపులకు చిక్కుకొని పిల్లల ప్రాణాలు పోయాయని అమెరికా ప్రభుత్వ సంస్థ 1996లోనే వీటి గురించి హెచ్చరించింది. అలాంటి తాడు ఉంటే ఇంటికి రాగానే లాగి పారేయండి. వదులుగా ఉన్న గుండీలు, పూసలు బిడ్డ గొంతులోకి పోకముందే గట్టిగా కుట్టండి.

సైజు విషయంలో మనవారు రెండు రకాలు. ఇప్పటికి సరిపోతే చాలని బిగుతుగా కొనేవారు కొందరు. మూడేళ్ళు రావాలని గోనెసంచిలాంటిది కొని బిడ్డ కాళ్ళకు అడ్డం పడేలా చేసేవారు ఎక్కువమంది. బిడ్డ మొదటి ఏడాదిలో సుమారు 25 సెంటీమీటర్లు ఎదుగుతుంది, రెండో ఏడు అందులో సగం, ఆ తరువాత ఏటా ఆరేడు సెంటీమీటర్లు. కాబట్టి ఏడాదిలోపు బిడ్డకు ఖరీదైన బట్ట వృథా. మూడేళ్ళ బిడ్డకు కొంచెం వదులుగా కొన్నది ఏడాదికి పైగా వస్తుంది. పొడవు పెంచుకోవచ్చు గానీ భుజాలు పెంచలేం గనుక భుజం కొలత చూసి కొనండి.

ఈ కొలతల మాట వచ్చినప్పుడల్లా నాకు హన్నా జ్ఞాపకం వస్తుంది. షిలోహులో ఉన్న చిన్న సమూయేలు కోసం ఆమె ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకువెళ్ళేదని మొదటి సమూయేలు గ్రంథం రెండవ అధ్యాయంలో చదువుతాం. ఏడాదికి ఒక్కసారి చూసే కొడుకు ఎంత ఎదిగి ఉంటాడో ఆమె ఎలా లెక్కవేసేదో అక్కడ రాయలేదు. మన కోనసీమలోను, నర్సాపురం వైపు పల్లెల్లోను ఈనాటికీ అలాంటి తల్లులున్నారు. బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి కువైటు, మస్కటు వెళ్ళి, పరాయి ఇళ్ళలో పనిచేసి, ఊరికి వచ్చే ఎవరో ఒకరి పెట్టెలో పండుగ బట్టలు పంపుతారు. రెండేళ్ళుగా చూడని బిడ్డకు ఊహతో కొన్న గౌను. ఇక్కడ విప్పి చూస్తే ఒక్కోసారి చేతులే దూరవు. "సరిపోయిందా అమ్మా?" అని ఫోనులో అడిగితే, అమ్మమ్మ గొంతు సవరించుకొని "ఆయ్, బాగా సరిపోయింది" అంటుంది. ఆ అబద్ధం చెప్పవలసిన అవసరం రాకూడదంటే ఇక్కడివారు చేయగలిగినది ఒకటుంది. మూడు నెలలకొకసారి ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి భుజానికి వెడల్పు, భుజం నుంచి మోకాలి దాకా పొడవు, ఈ మూడూ టేపుతో కొలిచి సెంటీమీటర్లలో రాసి పంపండి. వయసు చెబితే చాలదు. ఒక్కో దేశంలో ఒక్కో సైజు లెక్క. ఇప్పుడు ప్రతి ఇంట్లో వాట్సాప్ ఉంది. బిడ్డ పక్కన టేపు పెట్టి ఫోటో తీసి పంపినా సరే. ఆ ఫోటో ఆ తల్లికి కొలత కంటే ఎక్కువే అవుతుంది.

రెడీమేడ్ కంటే గుడ్డ కొని కుట్టించడం చాలాసార్లు లాభం. మల్లుగుడ్డ, కాంబ్రిక్, పోప్లిన్ అడగండి. బండారులంక వంటి చోట్ల నేతగాళ్ళు నేసే నూలు చీరలున్నాయి. ఐదున్నర మీటర్ల చీరలో చిన్నపిల్లలకు రెండు మూడు గౌన్లు వస్తాయి, అంచు కూడా కలిసివస్తుంది. చేనేత అని చెప్పి మరమగ్గం గుడ్డ అంటగట్టేవారున్నారు గనుక 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్కు ఉందేమో చూడండి. కుట్టేవారితో అంచు దగ్గర నాలుగు వేళ్ళ మడత, నడుము పైన రెండు టక్కులు వేయమని చెప్పండి. ఏడాదికొక టక్కు విప్పితే గౌను బిడ్డతోపాటు పెరుగుతుంది. నాయనమ్మ పట్టుబట్టి నెట్ గౌనో జరీ పట్టులంగానో తెచ్చిందా, ఆమె మనసు నొప్పించకండి. లోపల నూలు షిమ్మీ వేసి, పాట అయిపోగానే విప్పేయండి.

ఆఖరుకు లేసు సంగతి. నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాలలో మన ఆడవారి చేతుల్లో ఉన్న ఈ కుట్టు 1844 ప్రాంతంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు నేర్పినదని చెబుతారు. కొక్కెం సూదితో సన్నని నూలు దారాన్ని అల్లే ఆ లేసు దేశదేశాలకు వెళ్ళింది. ఇంటిపని మధ్య అల్లుతారు గనుక అది పనే కాదన్నట్టు కూలి తక్కువ ఇచ్చేవారని మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు 1982లో పుస్తకమే రాసింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇంత ఉండి, ఆ లేసు అల్లే తల్లి బిడ్డ మెడలోనే గుచ్చుకునే నైలాను లేసు కనబడుతుంటే నాకు ఆశ్చర్యం. చేతి అల్లిక లేసు నూలు గనుక మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది. మీ సంఘంలోనే లేసు అల్లే సహోదరి ఉంటే చిన్న కాలరు ఒకటి అల్లించి, ఆమె అడిగినంత ఇవ్వండి. సాదా తెల్ల పోప్లిన్ గౌనుకు ఆ కాలరు వేస్తే అదే పండుగ గౌను. దాన్ని గట్టిగా కుట్టేయకుండా పెద్ద పెద్ద కుట్లతో అతికించండి. గౌను పొట్టిదైపోయాక విప్పి, చెల్లెలి గౌనుకు వేయవచ్చు. ఉతికినప్పుడు పిండకండి, తీగమీద వేలాడదీయకండి, సాగిపోతుంది. తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెట్టండి.